ఫియట్ బ్యాటరీ

అంబాసిడర్ కారు కాదు, బురదలో పడుకునే ఎనుము. రంగనాథతో నేను ఈ మాట అనని శనివారం లేదు. మా ఊరు తిరుమణి నుంచి పావగడ శనీశ్వరుడి గుడికి జనాన్ని తీసుకుపోవడంలో మా ఇద్దరికీ పోటీ. నాది ఫియట్, వాడిది అంబాసిడర్. నేను నలుగురిని ఎక్కించుకుని చురుగ్గా వెళ్ళేవాణ్ణి. వాడు పదిమందిని కుక్కి, పైన చెనక్కాయల మూట కట్టి, తాపీగా వచ్చేవాడు.

"నీ అగ్గిపెట్టెలో మనుషులు పడతారేందిరా చిక్కన్నా, పుల్లలు పడతాయి గానీ!" అని, నేను బదులు చెప్పేలోపే హారన్ మోగించి పోయేవాడు. ఆఖరి మాట ఎప్పుడూ ఆ హారన్‌దే. నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు మా చేలన్నీ సోలార్ కరెంటు కంపెనీకి ఇచ్చేశాం. మేము పందెం వేసుకున్న దారి కంచె లోపల పడింది. పోయిన ఏడు రంగనాథకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. వాడి చేత తిట్టించుకోవాలని ఎంత ఆశగా ఉందో! నా పెళ్ళాం పోయినప్పుడు కూడా ఇంత బెంగ పడలేదంటే పాపం తగులుతుందేమో గానీ, నిజం అదే.

మొన్న శనివారం ఫియట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. మంచి మాట చెబితే వాడి మనసు కుదుటపడుతుందనుకున్నాను.

"ఓడిపోయినాను రా రంగా. నీ అంబాసిడరే మేలు. అది యాడ, నా ఫియట్ యాడ!"

వాడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు.

"ఏంది మామా, పోయేవాళ్ళకు చెప్పినట్టు చెప్తాండావు?" అని వాడి కోడలు రక్షిత కసిరింది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. "సరేలేరా, నీది ఎనుమే. పా, దాని బడాయి చూద్దాం" అన్నాను. ఇద్దరం వాణ్ణి మోసుకెళ్ళి, వాకిట్లో దుమ్ము పట్టి ఉన్న అంబాసిడర్‌లో స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాం. వాడు బాగున్న చేత్తో హారన్ నొక్కాడు. మోగలేదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మళ్ళీ నొక్కి నా వైపు చూశాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

నా ఫియట్ బ్యాటరీ ఊడదీసి అంబాసిడర్‌కు బిగించాను.

"ఇప్పుడు చెప్పు రా, ఏది మేలు?"

హారన్ మోగింది. కంచె లోపల సోలార్ పలకల కింద మేస్తున్న గొర్రెలు తలలెత్తాయి. వాడు వంకర నోటితో నవ్వాడు. పొద్దుగూకే దాకా నేను ఫియట్‌ను పొగడడం, వాడు హారన్ కొట్టడం.

నేను లేవగానే రక్షిత స్పానర్ తెచ్చింది. "నీ బ్యాటరీ తీసుకో మామా. బండి ఎట్ల కదుల్తాది?"

"ఉండనీమ్మా, బ్యాటరీ, బండి రెండూ ఈడనే ఉండనీ" అని నడక సాగించాను.

నేను మలుపు తిరగకముందే వెనక హారన్ మోగింది. ఆఖరి మాట మళ్ళీ దానిదే.