ఎడమకాలు కుంటే బస్సు

తెల్లారి మొదటి బస్సు డిపో గేటు దాటుతుంటే టీకొట్టువాడు తలెత్తకుండానే గుర్తుపడతాడు. ఎడమ ముందు చక్రం మీద కుంటుతూ వెళ్లే బస్సు అదొక్కటే. జనం వింతగా ఏమీ చూడరు. బస్సులన్నాక దేని నడక దానిది.

దాని డ్రైవరు కొన్నేళ్ల కింద మెట్టు దిగుతూ ఎడమ పాదం మెలేసుకున్నాడు. బెణుకే అని కట్టు కట్టారు. వాపు తగ్గింది, నొప్పి తగ్గలేదు. పాదం మధ్యలో ఎముకలు కలిసే కీళ్లు సడలి, అరికాలి వంపు కుంగి, చివరికి అరిగిపోయాయి. మరలు బిగించి ఎముకలు కలిపేస్తే నొప్పి పోతుందని, కానీ రోజంతా క్లచ్ తొక్కడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడు. డ్రైవరు ఎక్స్‌రే కవరు బీరువా మీద పడేసి, ఆ మాట పెళ్లానికి కూడా చెప్పలేదు.

మెకానిక్ చక్రం మీద బరువు మోసే ఇనప పట్టీలు తీసేసి కొత్త కమాన్లు వేశాడు. బస్సు కొత్త కమాన్ల మీద కుంటింది.

"అన్నా, నీ బండి రోగానికి మందు ఇనప కొట్లో దొరికేట్టు లేదు," అని కండక్టరమ్మ ఎత్తిపొడిచింది. డ్రైవరు నవ్వి బండి తీశాడు.

ఖర్చు లెక్క చూసిన మేనేజరు బస్సుని తుక్కు కింద రాసేశాడు. గ్యాస్ కట్టరుతో మనిషి వచ్చాడు. మంట వెలిగించబోతుంటే డ్రైవరు ఆగమన్నాడు. మెకానిక్ భుజం పట్టుకుని ఎడమకాలు నేలమీంచి ఎత్తాడు. బస్సు మెల్లగా సమంగా లేచి నిలబడింది. కాలు దించాడు. బస్సు కుంగింది.

మేనేజరు కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చెయ్యమన్నాడు. చేశాడు.

"కొయ్యాల్సింది దాన్ని కాదు సార్, నన్ను," అని డ్రైవరు డాక్టరు మాట మొదటిసారి బయటపెట్టాడు.

"తర్వాత మళ్లీ సీటెక్కలేవు. తెలుసుగా?"

"తెలుసు సార్. అదైనా తిరుగుతుంది."

మేనేజరు కట్టరువాణ్ణి పంపేసి, డ్రైవరుకి టైమ్ కీపరు గదిలో కుర్చీ వేయించాడు.

ఆపరేషన్ రోజు కొత్త డ్రైవరు బస్సు తీశాడు. మార్కెట్ మలుపు దాటగానే, ఏళ్ల తరబడి కుడికి ఒరిగి కూర్చునే అలవాటున్న జనమంతా ఒక్కసారిగా ఒకరి మీద ఒకరు పడ్డారు.

కండక్టరమ్మ టిక్కెట్టు చింపి ఇస్తూ, "అన్నకి మత్తెక్కినట్టుంది," అంది. "ఇక తిన్నగా కూర్చోవడం నేర్చుకోండి."