ఆగండి, పాలు పొంగుతున్నాయి

ఫిబ్రవరి పంతొమ్మిది. ఆ పొద్దున నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, అదీ నిలబడే. మా ఆయన తిన్న ప్లేటు నా వైపు తోసి, "నీ పనిలో ఏముంది? ఎవరో రాసింది కాపీ కొట్టి అతికించడమేగా" అన్నాడు. ప్లేటు కడిగాను. నేను రాసిందే ఆఫీసంతా కాపీ కొట్టి అతికించుకుంటుందన్న జవాబు నోట్లోనే ఉండిపోయింది.

వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లకు పదే పదే కావలసిన చిన్న కోడ్ ముక్కలుంటాయి. ఫారం తప్పు నింపితే హెచ్చరించేది, ఫోనులో మెనూని మడిచిపెట్టేది, పేజీ తెరుచుకునేదాకా "ఆగండి" అని చెప్పేది. అలాంటివి ఏళ్ల తరబడి రాసి, సరిచేసి, అందరూ వాడుకునేలా ఒకచోట పెట్టాను. చాలావరకు వంటింటి గట్టు మీద, లాప్‌టాప్ పక్కన గరిటె పెట్టుకుని రాసినవే. వాటిని మా టీమ్ లీడర్ తన పేరుతో ఆ రోజు క్లయింటుకి చూపించబోతున్నాడు. నా పేరు కూడా వేయమని అడిగితే, "ముక్కలకి పేరెందుకమ్మా!" అని నవ్వేశాడు.

మీటింగులో లీడర్ బటన్ నొక్కాడు. నెట్ నెమ్మదిగా ఉంది. తెర మీద చక్రం తిరిగింది. దాని కింద పెద్ద అక్షరాలు: "ఆగండి, పాలు పొంగుతున్నాయి."

ఎప్పుడో స్టవ్వు మీద పాలు పెట్టి, కోడ్ పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి నేను రాసుకున్న వాక్యం అది. ఇక్కడ మీ మాట పెట్టుకోండి అని పక్కనే రాశాను కూడా. ఆయన చదవకుండానే అతికించేశాడు.

క్లయింటు తరఫున వచ్చిన పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది. "ఎవరి పాలండీ?"

లీడర్ నా వైపు చూశాడు, సర్దిచెప్పమన్నట్టు. ఆ చూపు నాకు కొత్త కాదు, ఇంట్లో కూడా అదే. ఎన్నిసార్లు సర్దానో. ఈసారి మాత్రం నాలుక వినలేదు.

"నావేనండీ. పాలూ నావే, కోడూ నాదే. ఇక్కడున్న ముక్కలన్నీ నేను రాసినవే."

"పొంగిపోయాయా మరి?"

"పొంగాయండీ. కోడ్ మాత్రం పనిచేసింది."

ఆవిడ పగలబడి నవ్వింది. "అయితే మిగతాది నువ్వే చూపించు, అమ్మాయ్" అని ముందు కుర్చీ చూపించింది. కూర్చుని ఒక్కొక్కటీ చూపించాను. సాయంత్రానికి, ఆ కోడ్ నాదేనంటూ నా పేరు వేసి ఆఫీసులో అందరికీ మెయిల్ వచ్చింది. నడుస్తూ నడుస్తూ చెప్పులోంచి రాయి తీసేసినట్టయింది.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య పడీ పడీ నవ్వింది. మా ఆయన నవ్వలేదు. "ఇంట్లో పాల సంగతి ఆఫీసులో చెప్పాలా?"

"ఇక చెప్పను. రేపటినుంచి పాలు నువ్వే కాచు."

అతను వాళ్లమ్మ వైపు చూశాడు.

"నన్నేం చూస్తావురా? పొంగేటప్పుడు స్టవ్వు వైపు చూడు" అంది అత్తయ్య.

గట్టు మీది లాప్‌టాప్ తీసుకుని నా గదిలోకి నడిచాను. నా వెనకాలే అత్తయ్య, ఇక అక్కడ నాకు పని లేదన్నట్టు, చప్పుడు కాకుండా, ఆ రాత్రికి వంటింటి తలుపు మూసేసింది.