తడి ఆరకముందే

"అప్పుడే తుడిచేయకు. పది నిమిషాలు తడిగా ఉంటేనే కదా క్రిములు చచ్చేది!" అన్నాడు మా ఆయన గుమ్మంలోంచే, ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

మోకాలి ఆపరేషనై అత్తయ్య ఇంటికొచ్చినప్పటి నుంచీ, ఆఫీసుకు వెళ్లేలోపు ఆవిడ గదిని మందునీళ్లతో తుడవడం నా పని. మంచం పట్టీలు, బల్ల, తలుపు గొళ్లెం. ఈ చివర తడిపేలోపు ఆ చివర ఆరిపోతుంది. మళ్లీ వెనక్కి పరుగు. "ఏంటమ్మా ఆ తిరుగుడు? చూస్తుంటే నాకే కళ్లు తిరుగుతున్నాయి" అంటుంది అత్తయ్య.

ఆ మందు మా కంపెనీదే. ఆయన అమ్మకాల మేనేజరు. నేను రిజిస్ట్రేషన్ చూస్తాను. పరీక్షల ఫలితాలు ప్రభుత్వానికి పంపి, సీసా మీద వేసే ప్రతి మాటకూ అనుమతి తేవాలి. నా సంతకం లేనిదే దరఖాస్తు కదలదు. అదే మందును ఆసుపత్రులకు అమ్మేందుకు దరఖాస్తు ఇవాళే వెళ్లాలి. మొండి క్రిములు చావడానికి మా ల్యాబ్‌లో పది నిమిషాలు పట్టింది. లేబుల్ మీద మాత్రం 'ఒక్క నిమిషంలో' అని ఉండాలట. తేలిగ్గా చచ్చే క్రిమి మీద చేసిన పరీక్ష ఒకటి జతచేస్తే సరిపోతుందట.

"సంతకమేగా! ఇంటి మనిషివి, నువ్వే అడ్డం పడితే నా ప్రమోషన్ ఏం కావాలి?" అని వారం రోజులుగా ఆయనది ఒకటే నస. నిన్న కారులో అయితే, "నీ జీతం లేకపోయినా ఇల్లు గడుస్తుంది. నా పరువు పోతే గడవదు" అన్నాడు.

పాపం, ఆయనకు అర్థం కాలేదేమో, ఇంకోసారి విడమరిచి చెబితే వింటాడేమో అని ఇన్నాళ్లూ నన్ను నేను సముదాయించుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ 'పది నిమిషాలు' అన్న మాట వినగానే గొళ్లెం మీద గుడ్డ అలాగే ఆగిపోయింది. ఆయనకు అంతా తెలుసు. వాళ్లమ్మకు పది నిమిషాలు. ఆసుపత్రుల్లో పడుకున్న అందరి అమ్మలకూ ఒక్క నిమిషం.

ఆఫీసులో డైరెక్టరు కాగితాలు నా ముందుకు తోశాడు. "కానివ్వమ్మా. మీ ఆయన అంతా చెప్పాడుగా?" పక్కనే ఆయన, అప్పుడే ప్రమోషన్ వచ్చేసినట్టు నవ్వుతూ.

"చెప్పారు సార్. పొద్దున్నే చెప్పారు."

లేబుల్ మీద 'ఒక్క నిమిషంలో' కొట్టేసి 'పది నిమిషాల్లో' అని రాశాను. తేలిక క్రిమి కాగితం తీసేసి, అసలు ఫలితం పెట్టి సంతకం చేశాను. ఆయన నవ్వు ఆరిపోయింది. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున బకెట్టూ గుడ్డా తెచ్చి ఆయన చేతికిచ్చాను.

"పది నిమిషాలు. ఆరనివ్వకండి. మీకు తెలుసుగా."