ఏరు కనిపించని పెట్టె

నేను ఒక ప్రోగ్రాంను. వెదుళ్ళగెడ్డ జలాశయం కంట్రోల్ రూములో, కిటికీ పక్క బల్ల మీది కంప్యూటరులో ఉండేదాన్ని. నీరు ఎంతవరకు వచ్చిందో అంకెల్లో చూపించడం, మట్టం గీత దాటితే దిగువన జనం ఏరు దాటే కాజ్‌వే దగ్గరున్న సైరన్ మోగించడం నా పని. నాకు కళ్ళు లేవు. నీటిలో దించిన యంత్రం తన లెక్కను ఒక ఫైలులో రాస్తుంది, నేను దాన్ని చదివి చెబుతాను. గదిలో మాటలు మాత్రం వినిపిస్తాయి. ఆత్మకథ చెప్పుకునే వస్తువుకు ఆ మాత్రం వినికిడి ఉంటుందని మీరు ఒప్పుకోవాలి.

నన్ను రాసింది తబిత. విశాఖపట్నం నుంచి వచ్చి, ఆ గదిలోనే కూర్చుని, గేట్లు చూసే గురువులు అనే లస్కర్ తెచ్చిన టీలు తాగుతూ రాసింది. అక్షరాలు పెద్దవిగా ఉండాలని గురువులు అడిగితే పెద్దవి చేసింది. కొన్నేళ్ళు హాయిగా నడిచాను.

తరువాత ఎక్కడో ఒక ఆఫీసు కంప్యూటర్లలో వైరస్ చొరబడింది. దాంతో పైవాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. ఇకమీద ప్రతి ప్రోగ్రాం తనకు కావలసిన సామానంతా తనలోనే సర్దుకుని, మూసిన పెట్టెలో ఉండాలి. రాసిచ్చిన అనుమతి లేకుండా పెట్టె బయట దేన్నీ చూడకూడదు, తాకకూడదు. మనుషులు తలుపుకు తాళం వేసి నిశ్చింతగా పడుకుంటారు. లోపల ఉన్నవాడికి బయట ఏం జరుగుతోందో తెలియకపోవడం కూడా వాళ్ళకు భద్రతగానే కనిపిస్తుంది.

నన్ను పెట్టెలో సర్దే పని తబిత మీదే పడింది. మొదట నేను తెరుచుకోనేలేదు. కావలసిన సామాను ఏదో లోపల పెట్టలేదని పేరుపెట్టి చెప్పాను, తెచ్చి పెట్టింది. తెరుచుకున్నాక తెలుగు అక్షరాల బదులు ఖాళీ గడులు కనిపించాయి, అక్షరాల ఫైలు చేర్చింది. ఆ తరువాత నీటి లెక్కల ఫైలు దొరకడం లేదని మొరాయించాను. స్క్రీన్ ఎలా ఉందో చూసుకోవడానికి ఆమె ఒక నమూనా ఫైలు పెట్టెలోనే వేసి, బయటి ఫైలు దొరకకపోతే దీన్ని చదువు అని ఒక వాక్యం రాసింది. అప్పుడు గోల చేయడం మానేశాను. బయటి ఫోల్డరుకు అనుమతి కూడా ఇచ్చింది. ఆమె కంప్యూటరులో అంతా సరిగ్గా నడిచింది. ఆ ఒక్క వాక్యం తీసేయడం మరిచిపోయింది.

జలాశయం కంప్యూటరులో ఆ ఫోల్డరు రెండో డిస్కులో ఉంది. అనుమతి మొదటి డిస్కుకే. నేను బయటికి చూశాను, ఏమీ కనిపించలేదు. చెప్పినట్టే నమూనా చదివాను. మట్టం మామూలు. పక్కన ఆ రోజు తేదీ, నడుస్తున్న గడియారం.

సైరన్ కూడా ఒకసారి మోగించి చూద్దామని తబిత ఫోనులో అడిగింది. జలాశయం బాధ్యత చూసే ఇంజనీరు, ఏఈ త్రినాథ్ వద్దన్నాడు. వాన చినుకైనా లేకుండా సైరన్ వేస్తే ఊళ్ళు బెదిరిపోతాయి, పైవాళ్ళకు సంజాయిషీ నేను చెప్పుకోవాలి అన్నాడు. ఆమె పట్టుపట్టలేదు.

ఎండాకాలమంతా జలాశయం నిజంగానే కదలలేదు కనుక నా అబద్ధం నిజంలాగే నడిచింది. ఆ తరువాత ఎగువ కొండల మీద వానలు పట్టుకున్నాయి. త్రినాథ్ పొద్దున్నే నన్ను చూశాడు, మట్టం మామూలని పైకి కబురు పంపాడు. మధ్యాహ్నం భోజనం చేస్తుండగా గురువులు తడిసి ముద్దయి లోపలికి వచ్చాడు.

"బాబూ, గేట్లు మూలుగుతున్నాయండి. ఓపాలి వొచ్చి చూడండి."

త్రినాథ్ ముందు నా వైపు చూశాడు. తరువాతే కట్ట మీదికి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు ఎంగిలి చెయ్యి ఇంకా కడుక్కోలేదు. నీరు గేట్ల పైఅంచుకు తాకుతోంది. గేట్లు ఎత్తకపోతే కట్ట ఆగదు. ఎత్తితే ఆ నీళ్ళు కాజ్‌వే మీద నుంచి పోతాయి, అది సంత రోజు. సైరన్ మీట నొక్కాడు. అది నాలోని మీట. పెట్టె గోడ దాటలేదు.

గురువులు అడక్కుండానే మోటారు సైకిలు తీశాడు. కాజ్‌వే దగ్గర అందరినీ ఆపి ఫోను చేస్తానని వెళ్ళిపోయాడు.

త్రినాథ్ తబితకు ఫోను చేశాడు. ఆమె మొదట స్క్రీన్ మీది తేదీ అడిగింది, సరిగ్గానే ఉంది. కింద ఏ ఫైలు పేరు కనిపిస్తోందో చదవమంది. అతను చదివాడు. 

"త్రినాథ్ గారూ, అది నీళ్ళ లెక్క కాదండీ. నేను పెట్టిన నమూనా."

ఆమె ఒక్కొక్క అక్షరం చెబుతుంటే అతను కొట్టాడు. రెండో డిస్కుకు అనుమతి వచ్చింది. నా అంకెలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. సైరన్ మాత్రం పలకలేదు. దానికి వేరే అనుమతి కావాలి, ఆ ఆదేశం తప్పు పడింది, మళ్ళీ కొట్టమంది. అంతలో రెండో ఫోను మోగింది. గురువులు.

"అందర్నీ ఆపీసినాను బాబూ. ఎత్తీయండి."

గేట్లు లేచాయి. ఆ తరువాతే నా గొంతు విచ్చుకుంది, కాజ్‌వే దగ్గర సైరన్ మోగింది. ఈ గట్టున ఆగినవాళ్ళు తరువాత చెప్పారు. అవతలి గట్టు నుంచి మేకలతో ఒక ఆటో దిగింది. గురువులు చేతులు ఊపుతూ కాజ్‌వే మీద అటు పరిగెత్తాడు. ఆటోవాడు చూశాడు, వెనక్కి తిప్పుకున్నాడు. గురువులు వెనక్కి తిరిగేసరికి సైరన్ మొదలైంది, నీళ్ళూ వచ్చేశాయి.

రెండు రోజులకు దొరికాడు. తబిత వచ్చింది. గురువులు ఇంటికి వెళ్ళి, అక్కడి నుంచి నేరుగా నా ముందు కూర్చుంది. సైరన్ ఎప్పుడు మోగిందని అడిగింది. గేట్లు ఎత్తాక అని త్రినాథ్ చెప్పాడు. పరీక్ష వద్దన్నది తానేనని కూడా అన్నాడు. ఆమె తన వాక్యాన్ని స్క్రీన్ మీద వెతికి, దాని ముందు చాలాసేపు చేతులు కదపకుండా ఉండిపోయింది.

తరువాత నన్ను మళ్ళీ సర్దింది. ఇప్పుడు నాలో నమూనా లేదు. బయటి లెక్క అందకపోతే స్క్రీన్ నల్లబడుతుంది, నాకు నీరు కనిపించడం లేదు అని పెద్ద అక్షరాలు వస్తాయి. కానీ అంతకుముందే నా పాత పెట్టె చాలా జలాశయాలకు చేరింది. అన్ని చోట్లకూ కొత్తది పంపింది. అందరూ మార్చారు, కొండ మీది రాళ్ళపాడు వాళ్ళు తప్ప. అక్కడ ఇంటర్నెట్ అందదు. కొత్త పెట్టెను పెన్‌డ్రైవులో వేసుకుని తానే జీపు ఎక్కింది.

దారి పొడవునా వాన. రాళ్ళపాడుకు ఫోను కలపడానికి ఎన్నిసార్లు ప్రయత్నించిందో. చివరికి, ఘాట్ రోడ్డు సగంలో, కలిసింది. స్క్రీన్ చూడొద్దు, బయటికి వెళ్ళి నీళ్ళు చూడండి అని ఆమె చెబుతోంది. సిగ్నల్ తెగిపోతోంది. అవతలి ఆపరేటరుకు సగమే వినిపించింది. అతనిది మర్యాదైన గొంతు, కంగారు తెలియని గొంతు.

"ఏం భయం లేదు మేడమ్. మట్టం మామూలుగానే ఉంది, ఇదిగో చూసే చెప్తున్నాను."

ఫోను కట్టయింది. అతను చూస్తున్నది పాత పెట్టెలోని నన్నే.