ఎనిమిది పడగల ఉంగరం

"కొడుకా, ఆ ఉంగరం ఏ మిషిన్‌లనన్న ఇరుక్కుంటె వేలు ఊడొస్తది," అన్నాను, రత్నాకర్ ఇంకా చెప్పులు విడవకముందే.

వాడు నవ్వాడు. "డ్యూటీల వేలుకు ఉండదవ్వా. దారం కట్టి మెడల ఏస్కుంట."

"ఆ దారమే ఇరుక్కుంటె?"

"ఇగ నన్ను ఇంట్లనే దాచిపెట్టుకో."

దాచిపెట్టుకోవడానికి నాకు ఇల్లెక్కడిది? దేశం కాని దేశంలో, అల్ సద్ అనే పేటలో సుహాసిని మేడం ఫ్లాటు, అందులో వంటింటి పక్క చిన్న గది నాది. వంట చేస్తాను, ఇద్దరు పిల్లల్ని చూస్తాను. వాడు ఉండేది ఇండస్ట్రియల్ ఏరియాలో, కూలీల క్యాంపులో. ఒకే ఊళ్ళో ఉన్నామన్న మాటే గాని, శుక్రవారం మధ్యాహ్నం మేడం దయవల్ల వాడొచ్చి నా చేతి అన్నం తినే ఆ గంట సేపే మేము తల్లీకొడుకులం. మిగతా ఆరు రోజులూ వాడి కంపెనీ బస్సు బోల్తా పడుతుంది, వాడు పైనుంచి జారుతాడు, ఎండకు సొమ్మసిల్లుతాడు. అన్నీ నా తలలోనే. ఇక్కడ జరగబోయే ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు ఇంకా నాలుగేళ్ళుందని మేడం అనేది. వాడు పనిచేసే స్టేడియం ఈ వారం ఎంత ఎత్తు లేచిందని నేను వాడిని అడిగేదాన్ని. వాడు ఎప్పుడూ తగ్గించే చెప్పేవాడు.

ఆ ఉంగరం అంతకుముందు నేను చూడలేదు. వెండి, రాగి పొరలు కలిపి కొట్టినట్టుంది. మాను కోస్తే కనిపించే గీతల్లాంటి మెలికలు. వాటి మీద నల్లగా కనిపించే లోహంతో ఒక పాము. మెట్రో సొరంగంలో పనిచేసినప్పుడు వాడికి మత్సుదా అని ఒక జపాన్ ఫోర్‌మన్ ఉండేవాడట. వాళ్ళ దేశం పోతూ పోతూ తన వేలి నుంచి తీసి ఇచ్చాడట.

"అందరు నన్ను 'యా హిందీ', ఓ ఇండియావోడా అనే పిలుస్తరు. ఆయనొక్కడే మూడేండ్లు పేరు వెట్టి పిలిచిండవ్వా."

నేనా మాట సరిగా వినలేదు. పడగలు లెక్కపెడుతున్నాను. ఎనిమిది! మా దగ్గర నాగమయ్యకు ఐదు పడగలుంటాయి, లేదంటే ఏడు. సరి సంఖ్య పడగల పామును నేనెక్కడా చూడలేదు.

"అది వాళ్ళ దేశం పాము. పెద్ద కథ ఉన్నది," అన్నాడు వాడు ఉత్సాహంగా. "ముసలి ఆలుమొగలకు ఎన్మిది మంది ఆడపిల్లలు. ఏడాదికొకల్ని ఈ పాము మింగుతది. ఏడుగుర్ని మింగినంక..."

"ఆపుతవా!" చెవులు మూసుకున్నాను. "అన్నం తినే యాల్లకు అవేం ముచ్చట్లు?"

వాడు ఆపేశాడు. స్నానానికి పోతూ ఉంగరం తీసి వంటింటి కిటికీలో పెట్టాడు.

దాన్ని పారేద్దామని నేననుకోలేదు. శుద్ధి చేసి ఇద్దామనుకున్నానంతే. గిన్నెలో పాలు పోసి ముంచాను. పసుపు పూశాను. నలుపు మాత్రం పోలేదు. కిలుమేమో అనుకున్నాను. చింతపండులో ఉప్పు కలిపి, రాగి చెంబు తోమినట్టే బొటనవేలితో రుద్దాను. మా అవ్వ దగ్గర నేర్చిన పని అది. ఎంత మొండి చెంబైనా నా చేతిలో మెరవాల్సిందే. ఉంగరమూ మెరిసింది. ఆ నలుపుతోనే పామూ పోయింది. పడగలున్న చోట ఎర్రటి రాగి రంగు తప్ప ఏమీ మిగల్లేదు.

తల తుడుచుకుంటూ వచ్చినవాడికి గొప్పగా చూపించాను. "చూడు, ఎట్ల మెరుస్తుందో!"

వాడు దాన్ని తీసుకుని వెలుతురులో ఇటూ అటూ తిప్పాడు. కోప్పడలేదు. కూర్చుని అన్నం తిన్నాడు. నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే. మెతుకు వదలకుండా, ఒక్క మాట లేకుండా తిని, కంచం కడిగిపెట్టి వెళ్ళిపోయాడు.

మూడు శుక్రవారాలు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. వాట్సాప్‌లో నేను మాట్లాడి పంపినవాటికి నీలం గీతలు పడేవి, అంతే.

"గీతలు పడ్డాయంటే విన్నాడు కదా రాములమ్మా. అలిగాడంతే," అంది మేడం.

"ఫోన్ ఇంకెవల చేతిలనన్న ఉంటె?"

"అమ్మో, నీతో వేగలేం తల్లీ!"

వాడి గదిలోనే ఉండే మా మండలం పిల్లగాడు రాజన్నకు ఫోన్ చేశాను. "మంచిగనే ఉన్నడత్తా. డ్యూటీకి పోతుండు, బువ్వ తింటుండు. ముచ్చటే పెడ్తలేడు," అన్నాడు.

"ఎవలతోని?"

"ఎవలతోని గూడ."

ఫోన్ పెట్టేసి, తోముతున్న గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ జపాన్ ఆయన పోయాక వాడిని పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరున్నారు? నేను కూడా కొడుకా అంటాను, బిడ్డా అంటాను.

నాలుగో శుక్రవారం టిఫిన్ కట్టుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా బస్సు తప్పు దారిన పోతోందనే నా భయం. క్యాంపు గేటు దాటి ఆడవాళ్ళను రానివ్వరు. ఎదురుగా ఉన్న చాయ్ కొట్టు ముందు, బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాను. లారీల దుమ్ము. ఎటు చూసినా మగవాళ్ళే. నన్ను చూడగానే తల పక్కకు తిప్పుకుని పోతున్నారు. ఇంతమందిలో ఒక్క ఆడమనిషీ లేదు. వీళ్ళలో ఎంతమంది తల్లుల ఫోన్లు ఎత్తడం లేదో అనిపించింది.

రాజన్న చెప్పినట్టున్నాడు, వాడు బయటికి వచ్చాడు. బక్కగయ్యాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మెడలో దారానికి ఉంగరం వేలాడుతోంది. చెమటకేమో, ఒక అంచున మసకగా నలుపు తిరుగుతోంది. ఒకటో రెండో పడగలు. చీర కొంగుతో తుడవాలని చెయ్యి లేచింది. ఒళ్ళో ఆపుకున్నాను.

"తప్పయింది," అన్నాను.

వాడు లారీల వైపే చూస్తున్నాడు.

"రత్నాకర్."

తిరిగి చూశాడు.

"ఆనాడు కథ నడుమల ఆపిన. ఇప్పుడు చెప్పు. చెవులు మూస్కోను."

చాయ్ కొట్టతను రెండు కప్పులు పెట్టి వెళ్ళాడు. వాటి మీద మీగడ కట్టింది. ఒక బస్సు వచ్చి, మనుషుల్ని దింపి, మళ్ళీ నింపుకుని పోయింది. నా కళ్ళ ముందు ఆ పాము ఎనిమిదో పిల్ల వైపు తల తిప్పుతూనే ఉంది. ఇక చెప్పడేమో, ఈ బిడ్డ ఇక నాతో మాట్లాడడేమో అనుకున్నాను.

వాడు మెడలోని దారం తీసి, ఉంగరాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"ముందుగాలనే చెప్తున్న అవ్వా, భయపడకు," అన్నాడు. "ఆఖరి బిడ్డ దక్కుతది."