విండోస్ ఎవరి మీద ఉంది?

“కొబ్బరికాయ మగోడు కొట్టాలె. నువ్వు జర పక్కకు జరుగు,” అన్నాడు హీరాలాల్ పెళ్లాంతో.

రూప్లి పక్కకు జరిగింది. జూలూరుపాడులో ‘హీరాలాల్ ఆన్‌లైన్ సెంటర్’ పెట్టి ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లూ దసరా రోజున షట్టరు తీసింది, ఊడ్చింది, కంప్యూటరుకు బొట్టు పెట్టి గుమ్మం బయట రాయి మీద కాయ కొట్టింది రూప్లే. అప్పుడు మగవాడు కొట్టాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే పండగ పొద్దున మగవాడు పదిగంటల దాకా మంచం దిగేవాడు కాదు. ఈసారి మాత్రం స్నానం చేసి, సెంటు కొట్టుకుని, తమ్ముడు శ్రీనును వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. శ్రీను డిగ్రీ రెండేళ్లు చదివి, మూడో ఏడు కాలేజీ తనకు సరిపోదని తెలుసుకున్న మేధావి. పండగ దాటిన మర్నాటి నుంచి రూప్లి కుర్చీలో అతను కూర్చోవాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. ఆ సంగతి హీరాలాల్ రూప్లికి చెప్పింది కూడా ఆమె అన్నం వడ్డిస్తుంటే, కూర బాగుందన్నంత తేలిగ్గా.

“పత్తి ఏరుడు మొదలైతది, కూలోళ్లకు వండాలె, నువ్వు ఇంటిపట్టున ఉండు. దుకాణం శ్రీను చూసుకుంటడు.”

అత్తయితే ఇంకో ముక్క కలిపింది. “ఆడది కుర్చీల, పనికొచ్చిన మగోడు బెంచీ మీద. చూసేటోళ్లకు ఎట్లుంటది?”

ఇంతకీ కొబ్బరికాయ. బయట రాయి మీద కొడితే వీడియో బాగా రాదని శ్రీను సలహా ఇచ్చాడు. స్క్రీన్ మీద అమ్మవారి బొమ్మ వెలుగుతుండాలి, ముందు అన్న కాయ కొట్టాలి, అదీ స్టేటస్ అంటే. అందుకని కంప్యూటరు ఆన్ చేసి ఉంచారు. రూప్లి “సీపీయూ మీద వద్దు, పైన జల్లెడ లెక్క బొక్కలున్నయ్” అంటూనే ఉంది. “నాకు చెప్తున్నవా?” అని హీరాలాల్ కాయను ఆ సీపీయూ పెట్టె అంచుకేసి ఒక్క దెబ్బ కొట్టాడు. కాయ చక్కగా రెండు చెక్కలైంది. నీళ్లు అంతకంటే చక్కగా బొక్కల్లోంచి లోపలికి దిగాయి. టప్ మని ఒక చప్పుడు, సన్నటి పొగ, అమ్మవారు మాయం. శ్రీను వీడియోలో అన్నీ వచ్చాయి, రూప్లి మాటతో సహా. అతను అది వెంటనే డిలీట్ చేశాడు.

“నువ్వు పసుపు తడితడిగ పెట్టినవ్, అందుకే కాలింది,” అని తేల్చాడు హీరాలాల్.

రెండో రోజు కొత్తగూడెం నుంచి వెంకటకృష్ణ అనే మెకానిక్ వచ్చి, పెట్టె విప్పి, చిక్కుకుని ఉన్న కొబ్బరి పీచును పట్టకారుతో తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరూ దానివైపు చూడలేదు. మదర్‌బోర్డు కాలిపోయింది, హార్డ్‌డిస్క్ బతికింది. అతను కొత్త బోర్డు బిగించి స్విచ్ వేశాడు. అంతా వచ్చింది. స్క్రీన్ మూలన మాత్రం విండోస్ యాక్టివేట్ చేయమని ఒక బూడిదరంగు రాత నిలబడింది.

“ఏంది గది?” అన్నాడు హీరాలాల్.

“బోర్డు మారితే ఇది వేరే మిషన్ అనుకుంటది సార్. మిషన్‌తో పాటు వచ్చిన విండోస్ అయితే పాత బోర్డుతోనే పోతుండె. మీది విడిగా కొన్నది. ఏ మెయిల్ మీద ఉందో దానితో లాగిన్ అయి, బోర్డు మార్చినమని చెప్తే చాలు, మళ్లా ఒప్పుకుంటది.”

“గంత తతంగమెందుకు, నా పెన్‌డ్రైవ్‌ల ఉంది, రెండు నిమిషాల పని,” అన్నాడు శ్రీను.

ఆ మాట రూప్లికి కొత్త కాదు. నాలుగేళ్ల క్రితం ఇలాగే రెండు నిమిషాల పని అని హీరాలాల్ ఎవరి దగ్గరో దొంగ కాపీ తెచ్చి వేశాడు. వారం తిరక్కముందే వైరస్ పడి ఫైళ్లన్నీ తెరుచుకోకుండా పోయాయి. అడవి లోపలి గూడేల నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్ల కులం సర్టిఫికెట్లు, పోడు భూమి కాగితాలు, పిల్లల హాస్టల్ దరఖాస్తులు. వాళ్లు మళ్లీ వచ్చారు, మళ్లీ బెంచీ మీద కూర్చున్నారు, ఆమె మళ్లీ ఒక్కొక్కటీ స్కాన్ చేసింది. మొగుడు మాత్రం గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ “మా ఆమె ఏందో నొక్కింది” అని చెప్పాడు. ఆ నెలలోనే ఆమె అసలు విండోస్ కొన్నది. “గాలికి పైసలు కట్టిన ఆడదాన్ని నిన్నే చూసిన,” అని అతను వారం రోజులు నవ్వాడు. మెయిల్ ఎవరిది పెట్టావని మాత్రం అడగలేదు. అడగాల్సినంత పని అందులో ఉందని అతనికి తెలియదు.

“సార్, మెయిల్ చెప్పండి,” అన్నాడు వెంకటకృష్ణ.

హీరాలాల్ ఠీవిగా తన మెయిల్ చెప్పాడు. పాస్‌వర్డ్ అడిగితే భార్య వైపు చూశాడు. ఆయన పాస్‌వర్డు ఆయన మర్చిపోవడం, ఆమె గుర్తుంచుకోవడం ఆ ఇంట్లో ఎన్నాళ్లుగానో ఉన్న ఆచారం. ఆమె చెప్పింది. లాగిన్ అయింది. ఈ అకౌంట్ మీద లైసెన్సేదీ లేదని కంప్యూటర్ చెప్పింది.

“మరి ఎవరి మీదుంది?” అన్నాడు వెంకటకృష్ణ.

“నా మీద,” అంది రూప్లి.

హీరాలాల్ గట్టిగా నవ్వాడు. “ఆమె నా పెండ్లామే కదన్నా. ఆమె మీదున్నా నా మీదున్నట్టే.”

“అవ్ సార్. కానీ విండోస్‌కు ఆ సంగతి తెల్వదు,” అన్నాడు మెకానిక్.

శ్రీనుకు నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. హీరాలాల్ గొంతు మారింది. “ఏయ్ రూప్లీ, ఆ పాస్‌వర్డ్ శ్రీనుకు చెప్పి ఇంటికి పో. చుట్టాలొస్తున్నరు, మసాలా నూరాలె.”

రూప్లి కదల్లేదు. బయట ఫ్లెక్సీలో మొగుడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని దండం పెడుతున్నాడు. ఆ ఫోటో అతికించింది ఆమె. ఆ అక్షరాలు కూర్చింది ఆమె. ఏడేళ్లలో ఆ మనిషి ఒక్క ఫారం నింపలేదు. జిరాక్స్‌లో కాగితం ఇరుక్కుంటే మిషన్‌ను చెంపదెబ్బ కొట్టడం ఒక్కటే వచ్చు. లంబాడీ ముసలమ్మలతో తండా మాటలో, కోయ ఆడవాళ్లతో వచ్చీరాని కోయలో మాట్లాడి, వేలిముద్ర పడకపోతే వేళ్లు తుడిచి, ఊది, మళ్లీ పెట్టించింది ఆమె. ఇన్నాళ్లూ అతను కోప్పడితే భయమేసేది. ఇవాళ చూస్తే జాలి కూడా వేయడం లేదు. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలో తెలియని మనిషికి ఇన్నేళ్లు భయపడ్డానా అని తనమీదే చిరాకేసింది. చేతకానితనానికి మీసం అతికిస్తే యజమాని అయిపోయింది. దానికి తమ్ముడు తోడు. ఇద్దరూ కలిసి ఒక పాస్‌వర్డ్ కోసం తన మొహం వైపు చూస్తున్నారు, పళ్లెంలో రొట్టె కోసం చూసినట్టు.

“వదినా, జల్దీ చెప్పు. బయట మంది నిలబడ్డరు,” అన్నాడు శ్రీను.

ఆమె అతనివైపు తిరగలేదు. “వెంకటకృష్ణన్నా, ఈ లైసెన్స్ వేరే మిషన్ మీదికి పోతదా?”

“ఎందుకు పోదక్కా? నీది విడిగా కొన్నది. కాకపోతే ఒకసారికి ఒక్క మిషనే. పాత బోర్డు కాలింది గాబట్టి ఇప్పుడది ఖాళీగనే ఉంది. మెయిల్ కొట్టు, దీనిమీద వేసేస్త.”

“దీనిమీద వెయ్యకు.”

“ఏందే? పిచ్చిలేసిందా?” అన్నాడు హీరాలాల్. ఆమె కుర్చీ వెనక తగిలించిన తన సంచి తీసి భుజాన వేసుకుంది.

మెకానిక్ స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని ఆ ముగ్గురినీ చూశాడు. “మరి ఏ మిషన్ మీద వెయ్యాలక్కా?”

“ఇంకా కొనలేదన్నా,” అంది రూప్లి. “కొన్నంక నీకే ఫోన్ చేస్త.”