వేయని సూదులు

మా చెల్లెలు హేమశ్రీకి డాక్టర్లంటే భయం లేదు. వాళ్ళ చీవాట్లంటే భయం. మాలాంటి వాళ్ళకి ఆస్పత్రిలో మందుకంటే ముందు పడేవి అవే మరి.

దాని కూతురు మంజుషకి మోకాలు వాచి, ఒళ్ళు కాలిపోతుంటే మండపేట దాటించి రాజమండ్రిలో ఒక పిల్లల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆడుకుంటూ పడిందిలే, అదే తగ్గుతుందిలే అని నాట్ల పనుల్లో పడి ఊరుకుంది చెల్లెలు. అందుకే డాక్టరు సత్యప్రసాద్ గారు "ఇప్పటిదాకా ఏం చేస్తున్నారమ్మా?" అనగానే అది గబగబా అందుకుంది.

"ఊరుకోలేదండి. మా ఊరి బుల్లియ్య గారిచేత రెండు సూదులు వేయించామండి," అంది.

బుల్లియ్య మా ఊళ్ళో సూదుల డాక్టరు. చదువు లేదు, సంచీ ఉంది. ఆ వారమంతా ఆయన తునిలో పెళ్ళిలో ఉన్నాడు.

డాక్టరు గారు చేతిలో కాగితం పక్కన పెట్టేశారు. "అయ్యో. ఎముకకి చీము పట్టినట్టుందమ్మా. ఇలాంటి పిల్లలకి ఒక కొత్త ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుందో చూస్తున్నాం. మీరు ఒప్పుకుంటే పాపకీ ఇద్దామనుకున్నాను. కానీ ముందే వేరే మందు పడితే చేర్చుకోకూడదు. తగ్గినా ఏ మందుకి తగ్గిందో తెలీదు కదా."

"వేయించలేదండి! మీరు తిడతారని అలా అన్నానండి. పిల్ల మీద ఒట్టండి!"

"ఇందాక వేయించామన్నారు, ఇప్పుడు లేదంటున్నారు. ఏది నమ్మనమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. బుల్లియ్య ఊళ్ళోనే లేడని, కావాలంటే ఆయన్నే అడగమని అన్నాను. డాక్టరు గారు, పాపం, ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. మంజుష అనే పాపకి ఇంజెక్షన్లు వేశారా అని అడిగారు.

"వేశానండి! రెండూ మంచి పవరున్నవేనండి. మన ఊరి పిల్లని నేనెలా వదిలేస్తానండి?"

రాజమండ్రి డాక్టరు అడిగితే ఊళ్ళో లేనని చెప్పడానికి ఆయనకి నామోషీ. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఫోన్ పెట్టేశాడు.

పాపకి అందరికీ ఇచ్చే పాత మందే మొదలుపెట్టారు. ఆ క్రిమి దానికి లొంగడం లేదని రిపోర్టు వచ్చి, మందు మార్చి, ఆపరేషన్ చేసేసరికి మోకాలి ఎముక పాడైపోయింది. కొత్త మందు పడిన పక్క మంచం పిల్లాడు నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. మా పాపకీ అది పనిచేసేదో లేదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు. అదే నా కడుపుమంట.

మంజుష ఇప్పుడు కాలు ఈడుస్తూ బడికి వెళుతోంది. మొన్న బుల్లియ్య వీధిలో మమ్మల్ని ఆపి, నలుగురూ వినేలా అన్నాడు: "ఆ రోజు నా సూదులు రెండూ పడబట్టే ఈ పిల్ల ప్రాణాలతో ఉంది. ఏమ్మా హేమశ్రీ?"

నేను చెప్పు తీయబోయాను. చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్ళీ ఏ వేళప్పుడో పిల్లకి జ్వరమొస్తే, ఊళ్ళో పిలిస్తే పలికేది ఆయనొక్కడే.

"అవునండి," అంది.